రిపేరైన కారుని పరీక్షించడం మహాపాపం

మా ఆయన ఫ్రోయిలాన్‌కి ఒక పెద్ద లోపం ఉంది. ఆయనకి అనుమానం అన్నది బొత్తిగా లేదు!

నవ్వకండి. అనుమానపు మొగుళ్ళతో వేగలేక చస్తున్నామని ఏడ్చే ఆడవాళ్ళని నేనూ చూశాను. వాళ్ళకేం, అదృష్టవంతులు. అనుమానించేవాడు కనీసం ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. మా ఆయన చూడడు. సంతలో బంగాళాదుంపలమ్మే ఆవిడ "అన్నీ గట్టివే నాయనా" అంటే చాలు, సంచి మూతి విప్పకుండా భుజాన వేసుకుని వచ్చేస్తాడు. రేడియోలో వాన రాదన్నారని గొడుగు ఇంట్లో పెట్టి వెళ్ళి, తడిసి ముద్దై వచ్చి, "ఇది వాన కాదులే, ఏదో పొరపాటు" అంటాడు. పళ్ళ డాక్టరు నొప్పి ఉండదంటే నమ్ముతాడు. నొప్పి పుడుతున్నంతసేపూ కూడా నమ్ముతూనే ఉంటాడు.

ఇదొక లోపమని ఇన్నాళ్ళూ బాధపడ్డాను. ఈ మధ్యనే నాకు జ్ఞానోదయమైంది. అందుకే మీ అందరి మేలు కోరి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. రిపేరుకిచ్చిన కారు తిరిగి ఇంటికొచ్చాక దాన్ని పరీక్షించకూడదు. ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు! అందులోనూ రిపేరు స్టీరింగ్‌కైతే, కారువైపు అనుమానంగా కన్నెత్తి చూడటం కూడా మహాపాపం. ఊగే స్టీరింగ్ ఒక వరం. వరాన్ని ఎవరైనా జాకీ పెట్టి లేపి చూస్తారా?

ముందు మా కారు సంగతి చెప్పాలి. అది జపాన్‌లో పుట్టింది. అక్కడ స్టీరింగ్ కుడిపక్కన ఉంటుంది. మాకు ఎడమపక్కన ఉండాలి. అంచేత అది ఇక్కడికి రాగానే గ్యారేజీలో పడుకోబెట్టి, కుడి చెయ్యి కోసి ఎడమ భుజానికి అతికించారు. మా కొచబాంబా ఊళ్ళో ఇలాంటి ఆపరేషన్ జరిగిన కార్లు వీధికి నాలుగుంటాయి, ఎవరూ వింతగా చూడరు. మా కారుకి పెడళ్ళు మార్చారు, స్టీరింగ్ మార్చారు. వేగం చూపించే మీటర్లు మార్చే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది. అవి కుడివైపే ఉండిపోయాయి. అంటే, నా ఎదురుగా!

కనుక మా సంసారంలో స్టీరింగ్ ఆయనది, వేగం నాది. పెట్రోలు ఎంతుందో నాకు తెలుస్తుంది. ఎటు వెళ్తున్నామో ఆయనకి తెలుస్తుంది. కొన్నాళ్ళ కిందట ఆ రెండోది ఆయనకి కూడా తెలియకుండా పోయింది. స్టీరింగ్ ఊగడం మొదలెట్టింది.

ఆయన తిన్నగానే పట్టుకునేవాడు పాపం. కారు మాత్రం ఎన్నికల్లో నిలబడ్డ మనిషిలా రోడ్డుకి ఈ పక్కవాళ్ళనీ ఆ పక్కవాళ్ళనీ పలకరించుకుంటూ వెళ్ళేది. ఇది కష్టమని మీరనుకుంటున్నారు కదూ? అక్కడే పొరపడ్డారు!

వ్యాయామం చూడండి. డబ్బులు పోసి జిమ్ముకెళ్ళి బరువులెత్తే మగవాళ్ళకి లేని భుజాలు మా ఆయనకి వచ్చాయి. భక్తి చూడండి. మా అత్తగారు అసుంతా, ఊళ్ళోవాళ్ళ మర్యాదలో దోన్యా అసుంతా, ఇదివరకు ఆదివారం పూట మాత్రమే జపమాల తిప్పేది. ఇప్పుడు వెనకసీట్లో కూర్చున్న దగ్గర్నుంచీ మొదలెడితే సంతకి చేరేలోపు మాల పూర్తై, రెండో మాలలో సగానికి వచ్చేస్తోంది. ఇక బంధువుల సంగతి. ఇదివరకు "ఒక్కపూటకి కారిస్తావా ఫ్రోయిలాన్" అని వచ్చే తమ్ముళ్ళూ బావమరుదులూ ఇప్పుడు మమ్మల్ని చూడగానే, "నడక ఆరోగ్యానికి మంచిది" అనేసి వెళ్ళిపోతున్నారు. మా పేట ట్రాఫిక్ పోలీసు మా కారుని ఆపడు. దూరాన్నుంచి చూడగానే పేవ్‌మెంటెక్కి, టోపీ తీసి గుండెల మీద పెట్టుకుంటాడు. అంత మర్యాద మేయరుకైనా దొరుకుతుందా?

అన్నిటికన్నా ముఖ్యం దాంపత్యం. "ఇటు తిప్పు", "కాదు అటు" అని కార్లో కొట్టుకునే జంటలెన్ని! మాకా గొడవే లేదు. కారే నిర్ణయిస్తుంది. దాని దయవల్ల, పెళ్ళైన దగ్గర్నుంచీ వెళ్ళకుండా తప్పించుకుంటున్న ఒక మేనత్త గారింటి గేటు దాకా కూడా వెళ్ళొచ్చాం. గేటు ఇప్పుడు మళ్ళీ పెట్టించుకున్నారు.

ఇలాంటి నిధిని చేతులారా రిపేరుకి ఇవ్వాల్సి వచ్చింది. ఎందుకంటే ఆదివారం మేమంతా కొండల కింద ఉన్న చపారే దిగాలి.

అక్కడ ఉండే మా అత్తగారి అక్క నతివిదాద్‌కి తొంభై నిండుతున్నాయి. చెల్లెలు రాకపోతే కేకు కొయ్యనని కబురు పెట్టింది. చపారే వెళ్ళాలంటే ఘాట్ రోడ్డు దిగాలి. ఒక పక్క కొండ. ఇంకో పక్క మబ్బు. ఆ మబ్బు కింద ఏముందో స్వయంగా వెళ్ళి చూసినవాళ్ళెవరూ తిరిగొచ్చి చెప్పలేదు. అలాంటి చోట మా కారు అటుపక్కవాళ్ళని కూడా పలకరిస్తానంటే? వెనకసీట్లో మా అత్తగారూ, ఆవిడ ఒళ్ళో కేకూ ఉంటాయాయె.

కారుని సెవెరోకి అప్పజెప్పాం. సెవెరో మెకానిక్. అంతేనా? మా అమ్మాయి బాప్తిస్మంలో జ్ఞానపిత. అంటే మా ఆయనకి కొంపాద్రె, నేను సెవెరోకి కొమాద్రె. కొంపాద్రె అంటే ఏమనుకున్నారు? వియ్యంకుడికంటే ఎక్కువ, దేవుడికంటే కొంచెం తక్కువ. ఆ "కొంచెం" కూడా కార్నివాల్ పండగ రోజుల్లో చెరిగిపోతుంది. దేవుడు చేసిన పనిని మనం సరిచూస్తామా? కొండలు తిన్నగా ఉన్నాయా లేవా అని కొలత తాడు పట్టుకుని వెళ్తామా?

శుక్రవారం మధ్యాహ్నం కారు సిద్ధమైందని కబురొచ్చింది. వెళ్ళాం. రిపేరైన కారుని ఊరికే ఇంటికి తెచ్చుకోవడం మా దగ్గర ఆచారం కాదు. నేలతల్లికి అభిషేకం జరగాలి. సెవెరో అప్పటికే చక్రాల మీద రంగు కాగితపు ముక్కలు చల్లేశాడు. ముందు భాగమంతా కాగితపు తోరణాలు. బానెట్టు మీద ఒక హారం, అద్దానికి ఒక హారం, చివరికి కారు కింద చక్రాల్ని తిప్పే ఇనప కడ్డీకి కూడా తోరణం చుట్టాడు. మా ఆయన రెండు బీరు సీసాలు తెరిచి, ఒకటి కొంపాద్రె చేతికిచ్చాడు. ఇద్దరూ టైరు టైరుకీ బీరు పోసి, మిగిలింది తాము పోసుకున్నారు. టపాకాయలు పేలాయి. అత్తగారు కళ్ళు మూసుకుని నేలతల్లికి దండం పెట్టింది.

అంతా చాలా పవిత్రంగా ఉంది. నేనే నోరు జారాను.

"కొంపాద్రె, ఒక్కసారి చెరువు దాకా నడిపి చూద్దామా?"

ఆఖరి టపాకాయ కూడా సగంలో ఆగిపోయిందనిపించింది.

"ఏం చూద్దామని కొమాద్రె?" అన్నాడు సెవెరో.

"స్టీరింగ్ ఎలా ఉందో."

"దాన్ని నేను చూశాను కదా!"

"నువ్వు చూశావులే. మేం కూడా చూస్తే..."

"ఎర్మీనియా!" మా ఆయన మొహం కందగడ్డలా అయింది. "ఏం మాటలవి? మన పిల్లని చేతుల్లో పెట్టుకుని పవిత్రజలం పోయించిన మనిషి!"

"పిల్లకి స్టీరింగ్ లేదు కదా," అన్నాను.

"భోజనానికి పిలిచినవాళ్ళింట్లో కూర్చుని వాళ్ళ ముందే సూపులో రాళ్ళు వెతికినట్టుంది నీ వరస," అంది అత్తగారు. "పరువు తీయకమ్మాయ్. కారెక్కు."

సెవెరో బీరు సీసాని గుండెలకి హత్తుకుని, "ఇంతవరకూ నా పనిని ఏ కొంపాద్రె పరీక్షించలేదమ్మా," అన్నాడు, కళ్ళనీళ్ళ పర్యంతమై.

నా భయమూ సరిగ్గా అదే. పైకి అనలేదు. కారెక్కాను.

ఇంటికొచ్చే దారిలో కారు ఎడమవైపు లాగింది. తర్వాత ఇంకొంచెం లాగింది. మా ఆయన స్టీరింగ్‌ని రెండు చేతులతో వాటేసుకుని, "చూశావా, ఎంత మెత్తగా తిరుగుతోందో!" అన్నాడు.

"మనం తిప్పకుండానే తిరుగుతోంది," అన్నాను.

ఇంటికి రాగానే కొంపాద్రెకి ఫోన్ చేశాడు, నా నోరు మూయించడానికి. సెవెరో గొంతు గదంతా వినబడింది. "కొత్త భాగాలు వేశాను కదా. కొత్త కోడల్లాంటివి. కొన్నాళ్ళు అటూ ఇటూ లాగుతాయి. తర్వాత అవే కుదురుకుంటాయి."

"మా కోడలు ఇన్నేళ్ళైనా కుదురుకోలేదు," అంది అత్తగారు, ఫోన్‌కి దగ్గరగా వచ్చి మరీ.

పాఠకులారా, ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. శనివారం నేను కారుని పరీక్షించానని మా పేటలో ఒక పుకారుంది. ఛీ! నేనంతటిదాన్నా? నేను పూజ చేశాను.

యూనివర్సిటీలో నేను చదివింది భౌతికశాస్త్రం. పెళ్ళయ్యాక అది ప్రెషర్ కుక్కర్ దగ్గర తప్ప ఎక్కడా అక్కరకి రాలేదు. శనివారం పొద్దున్న వేరుశనగ సూపుకి పప్పు రుబ్బుతూ, అత్తగారితో అన్నాను: "అత్తయ్యా, నిన్నటి అభిషేకం సగమే అయింది కదూ?"

"సగమేంటి? రెండు సీసాలు పోశారు."

"పోశారు, టైర్లకి. చక్రాల చప్పుడు నేలతల్లికి వినిపించొద్దూ? మా పుట్టింటి ఊరు తరాతాలో అయితే ముందు చక్రాల్ని కుడికీ ఎడమకీ ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తిప్పుతారు. తిన్నని రోడ్డు మీద నడిపి, కార్లో ఉన్న అందరూ చేతులెత్తి ప్రార్థన చెప్తారు. ఆఖర్న చక్రాన్ని పైకెత్తి, పిల్ల ఉయ్యాల ఊపినట్టు ఊపుతారు. అవన్నీ అయితేగానీ ఘాట్ రోడ్డెక్కరు."

అత్తగారి చేతిలో ఉల్లిపాయ ఆగిపోయింది. "తరాతాలోనా? ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"మీ ఊరు పునాతాలో లేని ఆచారం కదా, మీకెందుకులే అని..."

"ఎవరు చెప్పారు లేదని!" ఆవిడ కత్తి బల్లమీద పెట్టింది. "మా పునాతాలో ఇంతకు రెట్టింపు చేస్తాం! ఫ్రోయిలాన్! ఒరే ఫ్రోయిలాన్! నీ కొంపాద్రెని పిలవరా. సగం పూజ చేసి పంపిస్తాడా నన్ను, మా అక్క తొంభయ్యో పుట్టినరోజుకి?"

పరీక్షకి రమ్మంటే సెవెరో చచ్చినా రాడు. పూజకి రానని ఎలా అంటాడు? మధ్యాహ్నం భోజనాల వేళకి, చొక్కా మార్చుకునే తీరిక లేక గ్యారేజీ బట్టలతోనే వచ్చేశాడు. ఆ వేళలో మా ఊళ్ళో రోడ్లన్నీ ఖాళీ. కుక్కలు కూడా భోజనం మానుకుని రోడ్డు దాటవు. నలుగురం కారెక్కి, నత్తనడకన అలలాయ్ చెరువు పక్కన తిన్నని రోడ్డుకి వెళ్ళాం.

మొదటి ఘట్టం. కారు ఆపి, ఇంజను ఆన్‌లో ఉంచి, మా ఆయన స్టీరింగ్‌ని ఎడమకి తిప్పాడు, ఆగేదాకా. కుడికి తిప్పాడు, ఆగేదాకా. కింద ఎక్కడో "టక్" మంది.

"విన్నారా?" అన్నాను.

"నేలతల్లి జవాబిచ్చింది," అన్నాడు సెవెరో గంభీరంగా. అత్తగారు శిలువ గుర్తు వేసుకుంది. మా ఆయన ఆనందం పట్టలేక ఇంకోసారి తిప్పాడు. నేలతల్లి ఇంకోసారి జవాబిచ్చింది.

రెండో ఘట్టం. కారు మెల్లగా కదిలింది. మీటరు చూసి, "ఇరవై," అన్నాను. మా ఆయన నా మీదుగా వంగి చూసి, "ఇరవయ్యే," అన్నాడు.

"ఇప్పుడు ప్రార్థన. అందరూ రెండు చేతులూ పైకెత్తాలి. నడిపేవాళ్ళు కూడా, ఆమెన్ అనేదాకా. ఆమెన్ అనగానే బ్రేకు."

"స్టీరింగ్ వదలడమా!" అన్నాడు మా ఆయన.

"ఏం, నీ కొంపాద్రె పని మీద నీకు నమ్మకం లేదా?" అన్నాను.

ఆ మాటతో ఆయన చేతులు కప్పుకి తగిలేంత ఎత్తుకి లేచాయి. సెవెరో చేతులు మాత్రం భుజాల దగ్గరే ఆగాయి. అది నేను అద్దంలో చూశాను.

"పరలోకమందున్న మా తండ్రీ..." అని అత్తగారు ఎత్తుకుంది. "పరలోకం" దగ్గర కారు తిన్నగానే ఉంది. "మా తండ్రీ" దగ్గర ఎడమకి తల తిప్పింది. రోజువారీ ఆహారం అడిగేసరికి రోడ్డు దాటేసింది. అపరాధములు క్షమించమనే లోపు అవతలి పక్క ఇసక కుప్పలో ముక్కు పెట్టి ఆగిపోయింది. కుప్ప వెనకాల ఒక కర్ర, కర్రకి తెల్లజెండా. అంటే మొక్కజొన్న కల్లు దుకాణం! దుకాణం దోన్యా ప్రిమితీవాది. ఆవిడ చేతిలో కుండతో బయటికొచ్చింది.

"ఏంటి సెవెరో, ఇవాళ కారుతో సహా లోపలికే వచ్చేస్తున్నావా? బల్ల దగ్గర పోస్తే చాలదా?"

"పూజ చేస్తున్నాం దోన్యా ప్రిమితీవా," అన్నాడు సెవెరో, ఇంకా చేతులు దించకుండా.

"మంచిదే. ఇసక సంగతి ఎవరు చూస్తారు?"

మా ఆయన కారు దిగి, ఇసక కేసీ రోడ్డు కేసీ చూసి, తీర్పు చెప్పాడు. "రోడ్డుదే తప్పు. ఈ పక్కకి వాలి ఉంది. చెరువు కట్టేటప్పుడు సరిగ్గా చూడలేదు."

"అవునవును, వాలు!" అన్నాడు సెవెరో, ప్రాణం లేచొచ్చినట్టు.

చూశారా నమ్మకం మహిమ! కారుని నమ్మడానికి రోడ్డుని అనుమానించాడు. అవసరమైతే చెరువుని అనుమానిస్తాడు. భూగోళాన్ని అనుమానిస్తాడు. కొంపాద్రెని మాత్రం అనుమానించడు.

"అలాగైతే వెనక్కి తిప్పి, ఇదే రోడ్డు మీద అటునుంచి రండి," అన్నాను. "వాలు రోడ్డుదే అయితే ఈసారి కుడికి లాగాలి. అది... అది తరాతా ఆచారం. రెండు దిక్కులకీ ప్రార్థన చెప్పాలి."

"పునాతాలో కూడా అంతే," అంది అత్తగారు వెంటనే.

వెనక్కి తిప్పి వచ్చాం. "ఇరవై," అన్నాను. మా ఆయన వంగి చూశాడు. చేతులెత్తాం. కారు ఈసారి రోజువారీ ఆహారం దాకా కూడా ఆగలేదు. అప్పుడూ ఎడమకే! మా ఆయన బ్రేకు తొక్కేసరికి చెరువు గట్టు మీది గడ్డి బంపరుకి గుచ్చుకుంది. ప్రార్థన నలుగురం నాలుగు చోట్ల ఆపేశాం. అత్తగారు ఒక్కతే ఆమెన్ అంది. చాలా గట్టిగా.

మూడో ఘట్టానికి అడగక్కర్లేకపోయింది. కారుని నెమ్మదిగా దుకాణం ముందు గట్టి నేల మీదకి తెచ్చి ఆపగానే సెవెరోయే జాకీ తీశాడు. ఎడమవైపు ముందు చక్రం లేచింది. నేను దాన్ని రెండు పక్కలా రెండు చేతులతో పట్టుకుని ఊపాను. "టక్, టక్." అత్తగారి పన్ను ఊడిపోయే ముందు ఎలా ఊగిందో, ఆ చక్రం అలా ఊగింది.

"అంత ఊగడం మామూలేనా కొంపాద్రె?" అన్నాను.

సెవెరో చక్రం పక్కన వెల్లకిలా పడుకుని కారు కిందికి జరిగాడు. కాళ్ళు మాత్రం బయట మిగిలాయి. మేం ఆ కాళ్ళతో మాట్లాడాం.

"అంతా బాగుందిగా?" అన్నాడు మా ఆయన.

"బాగుంది," అన్నాయి కాళ్ళు. కాగితం చిరుగుతున్న చప్పుడు. "తోరణం అడ్డమొస్తోంది. తీస్తున్నా." ఒక కాలు ముడుచుకుంది. "బాగానే ఉంది." రెండు కాళ్ళూ కదలడం మానేశాయి.

కాసేపటికి కాళ్ళు అడిగాయి. "కొమాద్రె, నిన్న బీరు సీసా నా చేతికి ఇచ్చిందెవరు?"

"మా ఆయన."

"అప్పుడు నా చేతిలో ఏముంది?"

ఎవరికి తెలుసు? సెవెరో బయటికొచ్చాడు. జుట్టు నిండా రంగు కాగితాలు. గ్యారేజీ బట్టల జేబు తడుముకున్నాడు. ఒక సీసా మూత వచ్చింది. పిడికెడు కాగితపు ముక్కలొచ్చాయి. వాటి మధ్యలోంచి వేలెడంత పొడుగైనా లేని, మెలి తిరగని కొత్త పిన్ను ఒకటి వచ్చింది.

దాన్ని అరచేతిలో పెట్టి మాకు చూపించాడు.

"నట్టు ఊడిపోకుండా అడ్డంగా గుచ్చే పిన్ను ఇది," అన్నాడు మెల్లగా. "నట్టు చేత్తో పెట్టాను. రెంచితో బిగించి పిన్ను గుచ్చుదామనుకుంటుండగా మీరొచ్చారు. సీసా వచ్చింది. పిన్ను జేబులోకి పోయింది. బిగించలేదు కొమాద్రె. మర్చిపోయాను. తోరణం మాత్రం గట్టిగా చుట్టాను. నిన్నటి నుంచీ నట్టుని ఆపింది ఆ కాగితమేనేమో."

చెరువు మీదనుంచి గాలొచ్చింది. ప్రిమితీవా కుండ కింద పెట్టింది. నాకు కళ్ళ ముందు ఘాట్ రోడ్డు, మబ్బు, వెనకసీట్లో అత్తగారు, ఆవిడ ఒళ్ళో కేకు కనబడ్డాయి. మమ్మల్ని కొండ మీద పట్టి ఉంచడానికి గులాబీరంగు కాగితం!

అప్పుడు మా ఆయన ఏమన్నాడో ఊహించగలరా?

"అలా అనకు కొంపాద్రె!" అంటూ వెళ్ళి సెవెరో భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు పెట్టే ఉంటావు. ఇది వేరే పిన్నై ఉంటుంది."

"నేను పెట్టలేదు ఫ్రోయిలాన్."

"పెట్టావు. నాకు తెలుసు నీ సంగతి."

"పెట్టలేదు మొర్రో అంటుంటే!"

తప్పు చేసినవాడు ఒప్పుకుంటున్నా నమ్మని నమ్మకం! ఇంతకంటే పరిశుద్ధమైనది నేనెక్కడా చూడలేదు. మీరు చూశారా?

అక్కడ నాకు ఏదో అయింది. పూజ అయిపోయిందని మర్చిపోయాను. జాకీ పక్కన నిలబడి, మా ఆయన్ని పిలిచి, అందరి ముందూ అడిగేశాను.

"ఫ్రోయిలాన్, నీకు అనుమానమే లేదని ఊరంతా అంటుంది. నేనూ అంటాను. అది నిజం కాదు. ఈ లోకంలో నువ్వు సరిచూసుకోకుండా వదలని మాట ఒకటుంది. అది నాది! మీటరు నా ముందుంది. అరవై అంటాను. నువ్వు రోడ్డొదిలేసి, నా ఒళ్ళోకి వంగి చూసి, 'అవును, అరవయ్యే' అంటావు. సూపులో ఉప్పు సరిపోయిందంటే గరిటె తీసుకుని రుచి చూస్తావు. గ్యాసు కట్టేశానంటే వంటింట్లోకెళ్ళి చూసొస్తావు. స్టీరింగ్ ఊగుతోందని నేను ఎన్ని వారాలు చెప్పినా ఊగలేదు. సెవెరో చెప్పగానే ఊగింది! కొంపాద్రె పనిని ఒక్కసారి చూస్తానంటే అది ఆయనకి అవమానం. నా మాటని రోజూ పరీక్షిస్తున్నావే, అదేంటి? దానికి పేరేంటి?"

ఇలాంటప్పుడు మా ఆయన సహాయం కోసం చూసే దిక్కు ఒక్కటే. అమ్మ వైపు చూశాడు.

అత్తగారు కారు తలుపు పట్టుకుని నిలబడి ఉంది. సెవెరో అరచేతిలోని పిన్నునే చూస్తోంది. "నేను వెనకసీట్లోంచి చూస్తూనే ఉన్నానురా," అంది. "నువ్వు అటు వంగిన ప్రతిసారీ నేను ఒక పూస తిప్పుతాను. నీ పెళ్ళాం మీటరు తప్పు చదవడం ఒక్కసారైనా వినలేదు." తర్వాత గొంతు మారింది. "ఊరికే నిలబడ్డావేం? అంత సరిచూసుకునే అలవాటున్నవాడివి, వంగి చూడు. పిన్ను ఉందో లేదో నువ్వే చూడు."

నలుగురు ఆడా మగా నిలబడి చూస్తుండగా మా ఆయన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తర్వాత మోచేతుల మీదకి వంగాడు. తల కారు కింద మాయమైంది. చాలాసేపు రాలేదు.

వచ్చాక లేవలేదు. నేల మీదే కూర్చుని, "రంధ్రం ఖాళీగా ఉంది," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. "నట్టు చేత్తో పట్టుకుంటే తిరుగుతోంది. రేపు అమ్మని ఎక్కించుకుని ఆ దారిలో..." సెవెరో పక్కకి తిరిగి రెంచి కోసం వెతుకుతున్నట్టు నటించాడు. రెంచి ఆయన కాలి దగ్గరే ఉంది.

మా ఆయన టైరు వైపు చూస్తూ, గొంతులోనే గొణిగాడు. "నువ్వు నిన్ననే చెప్పావు. నాదే తప్పు."

పాఠకులారా, నేను చెప్పేదంతా చెప్పేశాను. ఎవరో బాగుచేశామనగానే నమ్మేసి ఇంటికి పోయే ఓర్పు నాకు లేదు. నిజంగా బాగుపడిందో లేదో ఇంకోసారి చూడందే కారెక్కను.

"వినబడలేదు," అన్నాను. "ఇంకోసారి చెప్పు."

ఆయన లేచి నిలబడ్డాడు. మోకాళ్ళకంటుకున్న ఇసక దులుపుకోలేదు. కొంపాద్రె వింటుండగా, అమ్మ వింటుండగా, కల్లు దుకాణం ప్రిమితీవా కూడా వింటుండగా, నా మొహంలోకే చూస్తూ, "తప్పు నాదే ఎర్మీనియా," అన్నాడు.